ప్లాను గీసే చేతికి తాపీ బరువు తెలియాలి

అవనిగడ్డ : సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పక్కా ఇల్లు కట్టుకున్నవారి గోడు ఒక్కటే. శ్లాబు పెచ్చులూడుతోంది. గృహప్రవేశం నాటి రంగులు వెలవకముందే పైకప్పు అడుగున సన్నని చీలిక కనిపిస్తుంది. ఆ చీలిక లోపలి ఊచ వెంబడే తిన్నగా సాగుతుంది. తర్వాత ఒకనాటి రాత్రి గుప్పెడు కాంక్రీటు ముక్క మంచం మీద పడుతుంది. అప్పటినుంచి ఆ గదిలో పిల్లలను పడుకోబెట్టరు. మేస్త్రీ సిమెంటు తగ్గించాడని ఇంటివారు, ఇంటివారు చవక ఇనుము తెచ్చారని మేస్త్రీ ఒకరినొకరు అనుకోవడం పరిపాటి. ఆ ఇంటికి ప్లాను గీసినవారి పేరు మాత్రం ఈ తగవులోకి రాదు. కాగితం మీద అంతా బాగానే ఉంది మరి!

పాఠశాల గదులు, తుపాను షెల్టర్లు, కాలనీ ఇళ్ల నమూనాలు వంటివి పట్నంలో ఏదో ఒక బల్ల మీద గీతలుగా పుట్టి పల్లెకు వస్తాయి. ఆ గీతలు గీయడం నేర్పే చదువు ఆర్కిటెక్చరు. ఇంటర్మీడియెట్ తర్వాత నాటా వంటి ప్రవేశ పరీక్ష రాసి చేరే ఈ అయిదేళ్ల బి.ఆర్క్. కోర్సుకు ఇప్పుడు రైతుల పిల్లలు కూడా వెళుతున్నారు. కేంద్రప్రభుత్వం 2008లో విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌ను నెలకొల్పింది. చదువు మన దగ్గరికి వచ్చింది. ఆ చదువు ఇసుక, కంకర, ఊచల దగ్గరికి ఎంతవరకు వస్తోందన్నదే ప్రశ్న.

కావిడి బద్ద చెప్పే పాఠం

కిటికీ మీద సన్‌షేడు ఎందుకు విరిగిపడుతుందో చూస్తే విషయం తేటపడుతుంది. కావిడి మోసే మనిషిని చూసినవారికి ఇది తేలిక. భుజం మీద బద్ద, రెండు కొసల్లో కుండలు. బరువుకు కొసలు కిందికి వంగుతాయి. అప్పుడు బద్ద పైభాగం సాగుతుంది, కిందిభాగం నలుగుతుంది. పగులు పుడితే పైన పుడుతుంది. సన్‌షేడు, బాల్కనీ కూడా గోడ అనే భుజం మీద ఆనిన అర కావిడి వంటివే. కాంక్రీటు నలగదీస్తే ఓర్చుకుంటుంది గాని సాగదీస్తే ఓర్చుకోదు. సాగేచోట ఇనుము ఉండాలి. కనుక సన్‌షేడులో ముఖ్యమైన ఊచ పైభాగాన ఉండాలి. రెండువైపులా గోడల మీద ఆనిన శ్లాబుకు మాత్రం గది నడుమ భాగంలో ఊచ అడుగున ఉండాలి.

ఇది పుస్తకంలో ఉంది. పరీక్షలోనూ వస్తుంది. కాని పోత పోసే రోజున జరిగేది వేరు. తట్టలు మోసే కూలీలు కట్టిన ఊచల మీదుగానే నడుస్తారు, వారికి వేరే దారి ఉండదు. మూడంగుళాల సన్‌షేడులో పైన కట్టిన ఊచ కాళ్లకింద అణిగి అడుగుకు చేరుతుంది. కాంక్రీటు పడ్డాక అది ఎవరికీ కనిపించదు. సెంట్రింగు విప్పిననాడో, తర్వాత రంగు వేయడానికి ఎవరైనా ఎక్కిననాడో సన్‌షేడు మనిషితో సహా కిందికి వస్తుంది. డ్రాయింగులో ఊచ సరైన చోటే ఉంది. అది అక్కడే నిలవాలంటే కింద ఏ ఊతం పెట్టాలి, పోత పోసేటప్పుడు కూలీ ఎక్కడ కాలు పెట్టాలి అన్నది డ్రాయింగులో లేదు. పోత దగ్గర ఒక్కపూట నిలబడి ఊచ అణగడం కళ్లారా చూసిన విద్యార్థి మళ్లీ మూడంగుళాల సన్‌షేడు గీయడానికి వెనకాడతాడు. క్లాసులో బల్ల మీద చెప్పిన పాఠానికి ఆ బలం లేదు.

ఉప్పునీటి లెక్క

శ్లాబు పెచ్చుల కథ ఇంకాస్త లోతైనది. ఇనుము తుప్పు పడితే రెండింతలకు పైగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కాంక్రీటును లోపలినుంచి నెట్టి పెచ్చులుగా ఊడదీస్తుంది. ఊచకు, బయటి గాలికి మధ్య ఉండే కాంక్రీటు పొరను కవరు అంటారు. ఊచకు అదే చొక్కా, అదే గొడుగు. కాంక్రీటు పనికి దేశమంతటికీ ప్రమాణమైన ఐఎస్ 456 (2000లో సవరించినది) ప్రకారం సాధారణ చోట ఈ పొర 20 మిల్లీమీటర్లు చాలు. సముద్రపు గాలికి తెరిచి ఉన్న కాంక్రీటుకు మాత్రం 45 మిల్లీమీటర్లు కావాలి. కాంక్రీటు రకం కూడా ఎం-20 చాలదు, ఎం-30 ఉండాలి. ఈ సంఖ్య పెరిగేకొద్దీ బలం ఎక్కువని గుర్తు.

ఇప్పుడు నాలుగంగుళాల శ్లాబు తీసుకోండి. అంటే 100 మిల్లీమీటర్లు. అడుగున 45 మిల్లీమీటర్లు కవరుకు వదిలితే ఊచ శ్లాబు నట్టనడుమకు వచ్చి కూర్చుంటుంది. సాగే భాగం అడుగున ఉంటే ఇనుము నడుమన ఉంటే ఏం లాభం? కనుక తీరగ్రామంలో బయటి గాలికి తెరిచిన వరండా శ్లాబుకు మందం పెంచక తప్పదు. మందం పెరిగితే బరువు, దానితో బీము, పునాది, ఖర్చు అన్నీ పెరుగుతాయి. ఈ లెక్క తెలియక పట్నంలో అందంగా కనిపించిన పలుచని కప్పునే ఇక్కడికీ గీసి పంపితే, మేస్త్రీకి రెండే దారులు. కవరు తగ్గించి ఊచను అడుగుకు దించాలి, లేదా కవరు ఉంచి బలం పోగొట్టుకోవాలి. మేస్త్రీ సహజంగా మొదటిదే చేస్తాడు. ఊచ కింద ఒక కంకర రాయి దోపి పోత పోస్తాడు. కొన్నేళ్లకు పెచ్చులూడితే తప్పు అతనిదవుతుంది.

నీటి సంగతి ఇంకా కష్టం. ఊచలున్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటరాదని అదే ప్రమాణం చెబుతోంది. ఉప్పు రూపంలో చూస్తే ఇరవై లీటర్ల డబ్బాకు సుమారు మూడు చిన్న చెంచాలు, అంతే. నాలుకకు చప్పగా తోచే బోరు నీరు కూడా ఈ హద్దు దాటి ఉండవచ్చు. పోత అయ్యాక తడపడానికి కూడా మంచినీరే కావాలి. దుకాణాల్లో ఇప్పుడు విరివిగా దొరికే పీపీసీ రకం సిమెంటుకు కనీసం 10 రోజులు, ఎండలు మండేటప్పుడు 14 రోజులు తడపాలి. తాగేనీటికి బిందెలు వరుసలో పెట్టుకునే ఊళ్లో ఇన్ని రోజులు శ్లాబు మీద మంచినీరు నిలపడం ఆ ఇంటి ఆడవారికి ఎంత పనో, ప్లాను గీసినవారికి తెలిసి ఉండాలి కదా! తెలిస్తే కాంక్రీటు తక్కువ పట్టే కప్పు ఆలోచిస్తారు. వాననీటి తొట్టి ముందు కట్టించి ఇల్లు తర్వాత మొదలుపెట్టిస్తారు. ఇవి పెద్ద విద్యలేమీ కావు. ఒక నెల ఊళ్లో ఉంటే తోచే ఆలోచనలు.

మొత్తం మీద తేలేది ఇది. కాగితం మీద ఉన్నది కట్టడానికి వీలుకానప్పుడు కట్టేవాడు దాన్ని మారుస్తాడు. ఆ గీత అక్కడ ఎందుకుందో మార్చేవాడికి తెలియదు. అది అక్కడ నిలవదని గీసినవాడికి తెలియదు. ప్రమాదం ఈ ఇద్దరి నడుమ పుడుతుంది.

అమెరికాలో జరిగిందీ ఇదే

ఇది చదువులేని మేస్త్రీల వల్ల వచ్చే తంటా అని కొట్టిపారేసేవారు లేకపోలేదు. వారు 1981 జూలై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో జరిగింది గుర్తుచేసుకోవాలి. అక్కడ హయత్ రీజెన్సీ అనే కొత్త హోటలు హాలులో రెండు నడక వంతెనలను ఒకదాని కింద ఒకటిగా కప్పునుంచి ఇనుప కడ్డీలతో వేలాడదీశారు. ఆ సాయంత్రం నాట్య కార్యక్రమానికి జనం చేరి ఉండగా రెండూ కూలి 114 మంది మరణించారు.

మొదటి డ్రాయింగులో ఒకే పొడవాటి కడ్డీ కప్పునుంచి దిగి పై వంతెనలోంచి దూరి కింది వంతెన దాకా వస్తుంది. పై వంతెన కింద కడ్డీ మధ్యలో ఒక నట్టు బిగించాలి. అంటే ఆ నట్టు అక్కడిదాకా ఎక్కడానికి కడ్డీకి చాలా పొడవున మరలు కోయాలి, అవి చెడకుండా ఎత్తి నిలపాలి. పనివారికి ఇది కుదరని పని. అందుకని కడ్డీని రెండుగా చేశారు. ఒకటి కప్పునుంచి పై వంతెనకు, ఇంకొకటి పై వంతెననుంచి కింది వంతెనకు. చూడటానికి చిన్న మార్పు. కాని ఒక తాడును ఇద్దరు వేరువేరుగా పట్టుకుని వేలాడటానికి, ఒకడు తాడు పట్టుకుంటే రెండోవాడు అతని కాళ్లు పట్టుకుని వేలాడటానికి ఎంత తేడా ఉందో అంత తేడా వచ్చింది. తాడుకు బరువు మారలేదు, పైవాడి చేతులకు రెట్టింపయింది. పై వంతెన బీము దగ్గరే అది తెగింది. మొదటి డ్రాయింగు కూడా నిబంధనలకు తగినంత బలంగా లేదని విచారణలో తేలింది. మార్పును ఆమోదించిన ఇంజనీర్ల లైసెన్సులు రద్దయ్యాయి.

పెద్ద చదువులు, పెద్ద యంత్రాలు ఉన్నచోట కూడా నట్టు ఎలా ఎక్కుతుందని గీసేటప్పుడు ఎవరూ అడగలేదు. మరలు కోసే పనివాడి పక్కన ఒకరోజు కూర్చున్నవారైతే ఆ ప్రశ్న ముందే అడిగేవారు.

అది ఇంజనీరు పని కాదా?

బలం లెక్కలు చూడటానికి స్ట్రక్చరల్ ఇంజనీరు వేరే ఉంటాడు, ఆర్కిటెక్టు గది, వెలుతురు, గాలి, అందం చూస్తే చాలు అనే వాదన ఉంది. పట్నంలో పది అంతస్తుల మేడకు అది కొంతవరకు సరిపోతుంది. పల్లెలో ఇంటికి ఇంజనీరు ఎక్కడినుంచి వస్తాడు? ఇక్కడ ప్లానుకు, మేస్త్రీకి నడుమ మరొకరు లేరు.

చట్టం కూడా పల్లెవాసికి పెద్దగా అండ కాదు. ఆర్కిటెక్టుల చట్టం 1972లో వచ్చింది. దాని కింద నమోదైనవారే ఆర్కిటెక్టు అన్న పేరు పెట్టుకోవాలి. అయితే ఆ చట్టం పేరుకే రక్షణ ఇస్తుందని, నమోదు లేనివారు ప్లాన్లు గీయడాన్ని అది నిషేధించదని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తీర్పు చెప్పింది. అంటే ప్లాను ఎవరైనా గీయవచ్చు. అలాంటప్పుడు అయిదేళ్లు చదివి, తల్లిదండ్రుల చేత లక్షలు ఖర్చుపెట్టించి వచ్చినవాడు మిగతావారికంటే ఎందులో మెరుగు? కంప్యూటరులో బొమ్మ తిప్పి చూపించడంలోనా? ఆ పని నేడు మండల కేంద్రంలోని చిన్న దుకాణంలోనూ జరుగుతోంది.

కోర్సులో ప్రాక్టికల్ ట్రైనింగు లేకపోలేదు. పదిలో ఒక సెమిస్టరు దానికే. కాని నమోదైన ఆర్కిటెక్టుల ఆఫీసులు ఉండేది పట్నాల్లో. విద్యార్థి అక్కడ కుర్చీలో కూర్చుని డ్రాయింగులు సరిచేస్తే ట్రైనింగు అయిపోతుంది. చేతికి సున్నం అంటదు, సిమెంటు అంటదు.

కట్టే తీరు తెలిస్తే అందం పోతుందన్న భయం కూడా నిజం కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఒపేరా హౌస్‌కు యోర్న్ ఉట్జన్ గీసిన నమూనా 1957లో బహుమతి గెలిచింది. తెరచాపల్లాంటి ఆ కప్పులను ఎలా కట్టాలో అప్పటికి ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి తర్జనభర్జన జరిగింది. చివరికి అన్ని కప్పులనూ ఒకే గోళంలోంచి కోసిన ముక్కలుగా చేస్తే అవే అచ్చులు మళ్లీ మళ్లీ వాడి పోయవచ్చని 1961లో తేలింది. ఇటుకబట్టీలో ఒక్క అచ్చుతో వేల ఇటుకలు తీసినట్లన్నమాట. అచ్చు దొరికాక కట్టడం సాధ్యమైంది, రూపం కూడా చక్కబడింది. కాని ఆ అచ్చు ఆలోచన ముందే రాకపోయిన ఫలితంగా, ఇతర కారణాలూ కలిసి, 70 లక్షల డాలర్ల అంచనా 10 కోట్ల 20 లక్షలకు చేరింది. భవనం 1973లో తెరిచారు. సంపన్న దేశం కనుక భరించింది.

మన దేశంలో లారీ బేకర్ ఇందుకు తిరగబడ్డ దారి పట్టాడు. ఇంగ్లండులో ఆర్కిటెక్చరు చదివి 1945లో ఇండియా వచ్చిన ఆయన, హిమాలయ ప్రాంతంలో ఊరి పనివారు రాయి, మట్టి, కలప వాడే తీరు చూసి తన చదువును మళ్లీ మొదలుపెట్టాడు. తర్వాత కేరళలో మేస్త్రీల పక్కన నిలబడి ఇటుకలు పేర్పించాడు. ఇటుకలను నిలువుగా పెట్టి లోపల బోలు వదిలే ర్యాట్ ట్రాప్ పేర్పుతో ఇటుక నాలుగో వంతు దాకా ఆదా అవుతుంది. ఆయన దాన్ని పెద్దఎత్తున వాడి చూపాడు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాలు ఆయన చేతివే. 2007లో మరణించేదాకా ఆయన ఖర్చు తగ్గించి కట్టడం మానలేదు. అయితే ఆ గోడను తెచ్చి దివిసీమలో యథాతథంగా పెట్టమని కాదు. తుపాను గాలికి దానిలో ఎక్కడెక్కడ ఊచలు నింపాలో ఇక్కడివారే తేల్చాలి.

చుట్టిల్లు, షెల్టరు

దివిసీమకు ఈ విషయం ప్రాణంతో ముడిపడింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సుమారు 10 వేలమంది పోయారు. నాగాయలంక దగ్గర సొర్లగొంది పేరు చెబితే పెద్దలు ఇప్పటికీ మాట మారుస్తారు. ఆ తర్వాతే తీరం పొడవునా షెల్టర్లు లేచాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటాయి. తుపాను కబురు వచ్చిన ప్రతిసారీ జనం పక్కా కట్టడం వైపే చూస్తారు. కాని పాత షెల్టర్లలో ఊచలు తేలి, మెట్లు విరిగి, పశువులు కూడా నిలవనివి ఉన్నాయి. ఉప్పు గాలి వాటిని తినేసింది. ఎక్కితే కూలుతుందేమోనన్న షెల్టరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

గాలి సంగతి కూడా విద్యార్థి ఇక్కడికి వచ్చి నేర్వదగ్గది. విజయవాడలో కట్టే కట్టడానికే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లుగా లెక్కకట్టాలని ప్రమాణం. అంత గాలి రేకుల కప్పును కిందికి తొక్కుతుందని చాలామంది అనుకుంటారు. వాలు తక్కువగా ఉన్న కప్పును అది పైకి పీలుస్తుంది. ముందుకు చాచిన చూరు ఎంత పొడవైతే గాలికి అంత పట్టు. నీడ కోసం గీసిన పొడవాటి చూరే గాలిరోజున ఇంటికి శత్రువు. రేకును వాసానికి, వాసాన్ని గోడ మీది కాంక్రీటు పట్టీకి, ఆ పట్టీని పునాదికి ఇనుముతో ముడివేయకపోతే బరువు మీద ఆధారపడి ఏ కప్పూ నిలవదు.

మన పాతవారి చుట్టిల్లు ఈ విషయంలో తక్కువదేమీ కాదు. గుండ్రని గోడ చుట్టూ గాలి జారిపోతుంది. తాటాకు కప్పు వాలు ఎక్కువ, చూరు నేలకు దగ్గర. ఆర్కిటెక్చరు విద్యార్థులు అడపాదడపా వచ్చి చుట్టిల్లు కొలతలు తీసుకుని, ఫొటోలు పట్టి వెళుతుంటారు. కాని ఆ తాటాకు ఎలా కుడతారో, ఏ ముడి ఎక్కడ పడుతుందో తెలిసిన చేతులు ఊళ్లలో తగ్గిపోతున్నాయి. కొలతలు మిగులుతాయి, ముడి మిగలదు. అలాగని చుట్టిల్లును ఆకాశానికెత్తడం కూడా తప్పే. గాలికి నిలిచిన మట్టిగోడ ఉప్పెన నీటికి కరిగిపోతుంది. 1977లో జరిగిందదే. గాలికి ఒక మందు, నీటికి ఇంకొక మందు.

చేయదగ్గది

కళాశాలలు చేయవలసింది ఖరీదైనదేమీ కాదు. మొదటి ఏడాదిలోనే విద్యార్థి చేత తాపీ, తూకం గుండు, మూలమట్టం పట్టించి నడుమెత్తు గోడ కట్టించాలి. రెండు చిన్న కాంక్రీటు దూలాలు పోయించి, ఒకదానిలో ఊచ పైన, ఒకదానిలో కింద పెట్టించి, 28 రోజుల తర్వాత బరువు వేసి విరగ్గొట్టించాలి. ఏది ముందు విరిగిందో చూసినవాడికి ఇక చెప్పనక్కరలేదు. హైదరాబాదులో 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ మేస్త్రీలకు, కార్మికులకు తరఫీదు ఇస్తోంది. అటువంటి చోట ఆర్కిటెక్చరు విద్యార్థులు, మేస్త్రీలు ఒకే గోడ మీద పనిచేస్తే ఇద్దరికీ లాభమే. కవరు ఎందుకో మేస్త్రీకి తెలుస్తుంది. ఊచ ఎందుకు అణుగుతుందో విద్యార్థికి తెలుస్తుంది.

పంచాయతీలు కూడా ఊరికే కూర్చోనక్కరలేదు. కొత్త కట్టడం ప్లాను వచ్చినప్పుడు నీరు ఏ బావిది, కవరు ఎంత, తడపడం ఎవరు, ఎన్ని రోజులు అని రాతపూర్వకంగా అడగవచ్చు. బి.ఆర్క్.లో పిల్లలను చేర్చే తల్లిదండ్రులు ఫీజు, హాస్టలు గురించి అడిగినట్లే విద్యార్థులు ఇటుకలు పేర్చే దొడ్డి ఎక్కడుందని అడగవచ్చు.

ట్రైనింగు సెమిస్టరులో కొన్ని వారాలైనా విద్యార్థులను తీరగ్రామాలకు పంపితే వెంటనే దొరికే పని షెల్టర్ల పరీక్ష. చిన్న సుత్తితో శ్లాబు అడుగున, స్తంభాల మీద తట్టుకుంటూ పోతే గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల ఊచ తుప్పుతో విడిపోయినచోట బోలుగా మోగుతుంది. బోలు మోగిన ప్రతిచోటా సుద్దతో గీత గీసి, నోటుబుక్కులో రాసుకుని, జాబితా పంచాయతీకి, ఇంజనీరింగు శాఖకు ఇవ్వాలి. ఈ పని ఎండాకాలంలో పూర్తయితే అక్టోబరు, నవంబరు తుపానులకు ముందు మరమ్మతుకు కొన్ని నెలల వ్యవధి దొరుకుతుంది.